లిఫ్టు ఫాస్టయింది

థార్న్‌సైక్,
14 నవంబరు 1954, ఆదివారం.

చిరంజీవి మురియెల్‌ను అమ్మ దీవించి రాసేది.

ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమం. నాకు కోపం తప్ప ఒంట్లో మరే జబ్బూ లేదు. నువ్వూ అక్కడ వేళకు తింటూ, ఆ చలి గదిలో రెండు జతల మేజోళ్ళు వేసుకుంటూ, క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. జవాబు నెల దాటింది, ఏమీ అనుకోకు. ముందు నువ్వు అడిగినవాటికి చెప్పేస్తాను. నా మోకాలు మెట్లు ఎక్కేటప్పుడు ఊరుకుంటుంది, దిగేటప్పుడు తిడుతుంది. మీ నాన్న పావురం, ఆ నీలి మెడది, పందెం నుంచి నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. అదీ నడుచుకుంటూ. మన వీధి పొడవునా నడిచే వచ్చిందని పక్కింటావిడ ప్రమాణం చేసి చెప్పింది. మీ నాన్న దాన్ని పల్లెత్తు మాట అనలేదు. "పాపం, అలిసిపోయింది" అని అరచేతిలో గింజలు పెట్టి తినిపించాడు. నేను సంత నుంచి అరగంట ఆలస్యంగా వస్తే మాత్రం వాకిట్లో నిలబడి గడియారం చూస్తాడు.

ఇక నీ మూడో ప్రశ్న. "ఒక్క మాట గురించి ఇంత సమాచారం ఎందుకమ్మా? ఉద్యోగం మానేశాక వ్యాసాలు మొదలెట్టావా?" అని అడిగావు. మీ నిఘంటువు ఆఫీసులో 'ఫాస్ట్' అనే మాట ఉన్న చీటీలన్నీ వెతికి, పన్నెండు పేజీలు నీ చేత్తో ఎత్తి రాసి పంపావు. ఎందుకో చెప్పకుండానే నీచేత అంత చాకిరీ చేయించాను. ఇప్పుడు చెబుతాను. కూర్చుని చదువు.

మన గోడ గడియారం బాగుచేసిన క్లెమ్ ఆక్రాయిడ్ గుర్తున్నాడా? మిల్లులో సరుకుల లిఫ్టు దగ్గర పని. ఇంటికొచ్చాక ఊరందరి గడియారాలూ ఆయన బల్ల మీదే ఉండేవి. థర్జా సగ్డెన్ కూడా నీకు తెలుసు. బడిలో నీకంటే రెండు తరగతులు కింద, ఎర్రజుట్టు పిల్ల. ఆ అమ్మాయి ఇప్పుడు మిల్లు మూడో అంతస్తులో పని చేస్తోంది.

సెప్టెంబరులో ఒక మంగళవారం ఉన్ని మూట ఒకటి పక్కకు ఒరిగి, లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య ఇరుక్కుంది. క్లెమ్ రెండో అంతస్తు తలుపులోంచి చెయ్యి పెట్టి మూటను లాగబోయాడు. థర్జా పైనుంచి అది చూసి, పరుగున వెళ్ళి కింద లిఫ్టును నడిపే లివర్ గదికి ఫోను చేసింది. లివరు దగ్గర ఉండాల్సిన మనిషిని కొత్త మేనేజరు బయట లారీ దింపడానికి పంపాడు. కాబట్టి ఫోను ఎత్తింది ఆ మేనేజరే, పెవెరెల్ అనే ఆయన. లండన్ నుంచి వచ్చి అప్పటికి ఆరు వారాలు.

"లిఫ్టు ఫాస్టయింది! క్లెమ్ దాని దగ్గరే ఉన్నాడు!" అంది థర్జా.

మన ఊళ్ళో పాలబుగ్గల పిల్లను అడిగినా చెబుతుంది దాని అర్థం. ఇరుక్కుంది, కదలడం లేదు అని. పెవెరెల్‌కు మాత్రం లిఫ్టు అదుపు తప్పి పైకి దూసుకుపోతోందని అర్థమైంది. కరెంటు ఆపి ఉంటే సరిపోయేది. ఆయన ఆపలేదు. పైకి పోయేదాన్ని కిందికి లాగుదామని లివరు రెండో వైపుకు తిప్పాడు. లిఫ్టు ఒక్క కుదుపుతో ఊడి కిందికి జారింది. క్లెమ్ కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది మురియెల్. మనిషి బతికాడు. అది దేవుడి దయ, మిల్లు దయ కాదు.

ఆ తర్వాత మిల్లువాళ్ళు చేసింది వింటే నీకూ నాలాగే కోపం వస్తుంది. వారం తిరక్కుండా నివేదిక రాశారు. 'కార్మికురాలు తప్పు మాట వాడి తప్పుడు కబురు అందించినందున ప్రమాదం జరిగింది' అని. థర్జాను పనిలోంచి తీసేశారు. రోజూ కూరగాయల దుకాణం ముందు ఆగి కబుర్లు చెప్పే పిల్ల, తల వంచుకుని అవతలి పక్క నుంచి నడవడం మొదలెట్టింది. కొంతమంది క్లెమ్ భార్య ముందు ఆ అమ్మాయి పేరెత్తడం కూడా మానేశారు. సరిగ్గా ఆ మాటే తామూ రోజుకు పదిసార్లు అనేవాళ్ళు!

అప్పుడు నీకు ఉత్తరం రాశాను.

అక్టోబరు పందొమ్మిదిన టౌన్ హాల్లో విచారణ జరిగింది. అధ్యక్షుడు లండన్ వైపు దక్షిణాది లాయరు. మెత్తగా మాట్లాడతాడు, ప్రతి మాటా నాలుక మీద ఇస్త్రీ చేసినట్టు. హాలు కిటకిటలాడింది. మీ నాన్న పావురాలను వదిలేసి మరీ వచ్చాడు.

థర్జా ఉన్న ఒక్క మంచి కోటు వేసుకుని నిలబడింది.

"లిఫ్టు ఫాస్టయింది అన్నావు. అంటే వేగం పుంజుకుంది అనేగా అర్థం?" అని అడిగాడు అధ్యక్షుడు.

"కాదు సార్. ఇరుక్కుంది అని."

"మరి ఇరుక్కుంది అనొచ్చుగా?"

"అదే అన్నాను గదా సార్."

వెనక బల్లల మీద ఎవరో నవ్వారు. అధ్యక్షుడూ నవ్వాడు. "ఇరుక్కుపోయిన లిఫ్టే ఇంత ఫాస్టయితే, కదిలే లిఫ్టు ఇంకెంత ఫాస్టమ్మా! మీ ఊళ్ళో నత్తలకు పరుగు పందాలు పెడతారా?"

పెవెరెల్ పక్కన కూర్చున్న పెద్దమనుషులు జేబురుమాళ్ళు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఒక మనిషి చెయ్యి పోయిన విషయం మీద విచారణ అది! క్లెమ్ మొదటి వరసలో ఖాళీ చొక్కా చేతిని పిన్నుతో మడిచి కూర్చుని ఉన్నాడు.

"అది తప్పు మాటని నీకు తెలుసా, తెలియదా?"

"తెల్సు సార్. బళ్ళో చెప్పారు. కంగార్లో నోటికి అదే వచ్చింది."

"ఎవరు చెప్పారు?"

"గుర్తులేదు సార్."

అధ్యక్షుడు కలం తీసుకుని ఏదో రాసుకున్నాడు. అంతే, తేలిపోయింది అన్నట్టు. నేను లేచాను. మీ నాన్న నా కోటు పట్టుకుని లాగాడు గానీ నేను అప్పటికే నడవాలోకి వచ్చేశాను.

"ఎవరు మీరు?"

"ఆగ్నెస్ హోల్‌రాయిడ్. ఈ ఊరి బడిలో ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పాను. ఆ మాట గురించి నాలుగు ముక్కలు చెప్పడానికి అనుమతివ్వండి. ముందు ఒక ప్రశ్న. పొద్దున మీరు ఏం తిన్నారు?"

ఆయన తెల్లబోయాడు. "రెండు గుడ్లు, రొట్టె. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"పొద్దున తినే దాన్ని ఏమంటారు సార్?"

"బ్రేక్‌ఫాస్ట్."

"అంటే మీరు వేగాన్ని విరగ్గొట్టి మింగారా?"

హాలంతా గొల్లుమంది. ఈసారి నవ్వు మా వైపుది. ఆయన మొహం ఎర్రబడింది. నేను నీ పన్నెండు పేజీలు తీశాను. అక్షరాలు స్పష్టంగా రాయడం నీకు నేనే నేర్పాను. ఆ రోజు దాని ఫలం దక్కింది.

వెయ్యేళ్ళ కిందట ఆ మాటకు వేగమనే అర్థమే లేదని చెప్పాను. బిగిసి ఉండటం, కదలకపోవడం, అదొక్కటే అర్థం. తలుపుకు గడియ పెడితే ఫాస్ట్. ఓడను రేవుకు కట్టేస్తే ఫాస్ట్. మన మిల్లులోనే, ఎన్ని ఉతుకులు ఉతికినా వదలని రంగు ఫాస్ట్. లేపినా లేవని నిద్ర ఫాస్ట్. తిండి ముట్టనని నియమాన్ని గట్టిగా పట్టుకుంటే ఆ ఉపవాసమూ ఫాస్టే; దాన్ని విడవడమే పొద్దున్న మీ గుడ్లూ రొట్టే. మరి వేగం ఎక్కడిది? గట్టిగా పట్టుకోవడం నుంచి గట్టిగా కొట్టడం, గట్టిగా కొట్టడం నుంచి గట్టిగా పరుగెత్తడం. అలా పరుగెత్తగా పరుగెత్తగా గట్టితనం రాలిపోయి పరుగొక్కటే మిగిలింది. ఆ పరుగే ఇంకా ముదిరి, చెడు తిరుగుళ్ళు తిరిగేవాళ్ళకూ అదే పేరు పెట్టారు.

"వెనక వచ్చిన కొమ్ములు వాడి అంటారు, ఒప్పుకుంటాను. అంతమాత్రాన ముందొచ్చిన చెవుల్ని కోసెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఈ అమ్మాయి వాడింది తప్పు మాట కాదు సార్. మీ మాటకు అమ్మమ్మ. తప్పు చేసింది ఆ మాట వినీ కరెంటు ఆపని చెయ్యి."

అప్పుడు క్లెమ్ లేచాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. "లివర్ గది గోడ మీద రాసుండేది సార్, పైనుంచి ఏ కబురొచ్చినా ముందు కరెంటు ఆపు అని. ఇరవయ్యేళ్ళుగా ఉంది. ఈయనొచ్చిన వారానికే గోడ అసయ్యంగా ఉందని సున్నం కొట్టించాడు."

పెవెరెల్ పైకప్పు వంక చూశాడు. నాకు గెలిచామనిపించింది, మురియెల్.

కానీ అధ్యక్షుడు తెలివితక్కువవాడు కాదు. నా కాగితాల వైపు చూపించి మెల్లగా అడిగాడు. "ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పానన్నారు. మీ పిల్లలెవరైనా ఈ మాటను ఈ అర్థంలో రాస్తే ఒప్పుకునేవారా?"

"ఒప్పుకునేదాన్ని" అన్నాను.

ఆయన తల ఊపి, భోజనానికి వాయిదా వేశాడు.

ఇక్కడిదాకా రాసి లేచాను. టీ పెట్టుకున్నాను, నిన్న చేసిన అల్లం కేకు ముక్క తిన్నాను, అవసరం లేకపోయినా పొయ్యిలో బొగ్గు వేశాను. మీ నాన్న "అన్నిసార్లు లేస్తే ఆ ఉత్తరం క్రిస్మస్‌కు కూడా చేరదు" అంటున్నాడు. సరే, రాస్తాను. ఈ సంగతి మీ నాన్నకు కూడా ఆ రోజు దాకా తెలియదు.

నేను చెప్పింది అబద్ధం.

యుద్ధం రెండో ఏడు అనుకుంటాను. నా తరగతిలో నలభై మంది. 'వాన రోజు' మీద వ్యాసం రాయించాను. థర్జాకు పదేళ్ళు. 'నా బూటు బురదలో ఫాస్టయింది' అని రాసింది. నేను ఆ వాక్యాన్ని తరగతికి చదివి వినిపించాను. "ఏం థర్జా, నీ బూటు నిన్ను వదిలేసి పరుగెత్తుకుంటూ పోయిందా?" అన్నాను. నలభై మందీ నవ్వారు. బాగా నవ్వించానని నాకు సంతోషం కూడా కలిగింది. తర్వాత 'ఇరుక్కుంది' అని వందసార్లు రాయించాను. అధ్యక్షుడి నత్తల హాస్యం విని నా రక్తం మరిగిందని పైన రాశానా? రాయకపోయినా మరిగింది. అది నా హాస్యమే. ఆయన కోటు వేసుకుని తిరిగొచ్చింది.

భోజనం వేళ బయటికి వస్తే, థర్జా మెట్ల మీద కూర్చుని కొవ్వు రాసిన రొట్టె తింటోంది. పక్కన కూర్చున్నాను. మోకాలు అరిచింది.

"టీచర్‌గారూ, ఎందుకు అట్టా చెప్పారు?" అంది, నా వంక చూడకుండానే.

"నీ కోసమే థర్జా. నిజం చెబితే కేసు పోతుంది."

"నాకోసమా, మీకోసమా?"

నేను చేతిసంచి ఒళ్ళోకి లాక్కున్నాను.

"నేనైతే మీ పేరు చెప్పలేదు. గుర్తులేదన్నాను. మీరు ఈ ఊళ్ళో సగం మందికి అక్షరాలు నేర్పారు, నలుగుర్లో మీ పరువెందుకు తియ్యాలని." రొట్టెను మళ్ళీ కాగితంలో చుట్టింది. "ఫోన్లో ఆ మాట అన్నానో లేదో, అయ్యో తప్పన్నానే అనుకున్నా. అప్పుడు కూడా. క్లెమ్ అరుపు వినపడక ముందే. నెల్రోజుల్నించి నావల్లే ఆయన చెయ్యి పోయిందని నమ్ముతున్నా. ఎందుకు నమ్మాననుకుంటున్నారు?"

"థర్జా..."

"ఆ వ్యాసం మీరు చివరిదాకా చదివారా?"

లేదు. ఆ మాట దగ్గర ఆగిపోయాను. అదే నిజం.

"అది మా నాన్న గురించి టీచర్. మర్నాడు యుద్ధానికి పోతాడనగా కొండ మీదికి తీస్కెళ్ళాడు. బూటు బురదలో ఫాస్టయితే నన్ను భుజాన వేస్కుని ఇంటిదాకా మోశాడు. అదే కడసారి. మీకు చెబ్దామని రాశా. మీరు బాగా రాశావంటారనుకున్నా."

వాళ్ళ నాన్న తిరిగి రాలేదని నీకు తెలుసు. ఆ టెలిగ్రాం వచ్చిన రోజు ఆ పిల్లను బడి నుంచి ఇంటికి పంపింది నేనే. ఆ వ్యాసం మాత్రం గుర్తుకు రాలేదు.

గంట కొట్టారు. అందరూ లోపలికి పోయారు. అధ్యక్షుడు కుర్చీ సర్దుకోకముందే నిలబడి, పొద్దున చెప్పింది అబద్ధమని చెప్పాను. ఇదే మాటకు ఇదే అమ్మాయిని శిక్షించాననీ, ఆయన ఆడిన హాస్యమే పదమూడేళ్ళ కిందట నేను ఆడాననీ చెప్పాను. అప్పటికి నాకు నిఘంటువు చూసే తీరిక లేదని కాదు, చూడాలన్న ఆలోచనే రాలేదు. నా ఊరి మాట, మా అమ్మ మాట, తప్పని నాకూ ఎవరో చెప్పారు; నేను నమ్మాను; చీపురు పట్టుకుని ముప్పై నాలుగేళ్ళు పిల్లల నోళ్ళు ఊడ్చాను.

"అంటే ఆ మాట తప్పనే కదా మీరూ నేర్పింది?" అన్నాడాయన, దొరికావు అన్నట్టు.

"నేర్పాను. తప్పు నేర్పాను. నా తప్పుకు ఆ అమ్మాయి పని పోకూడదు. ఆయన తప్పుకు అసలే పోకూడదు" అని పెవెరెల్ వైపు చూపించాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నా దగ్గర చదివినవాళ్ళు హాలు నిండా ఉన్నారు. వాళ్ళ మొహాలు చూస్తే, ఒక్కొక్కరికీ తమ తమ మాట ఏదో గుర్తొస్తున్నట్టుంది. కొందరు నన్ను చూడనే లేదు. బయటికొచ్చాక మీ నాన్న నా చేతిసంచి తీసుకుని, "పద, ఇంటికి పోదాం" అన్నాడు. ఇంటికొచ్చాక, "నన్ను కూడా పెళ్ళైన కొత్తలో దిద్దేదానివి" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

తీర్పు పోయిన సోమవారం వచ్చింది. ప్రమాదానికి బాధ్యత మిల్లుదేనట. క్లెమ్‌కు పరిహారం ఇవ్వాలి, థర్జాను పనిలోకి తీసుకోవాలి. సంతోషమే. కానీ చదివితే ఒళ్ళు మండుతుంది! 'సదరు కార్మికురాలు వాడిన మోటు మాటను స్థానికులు అర్థం చేసుకోగలరు' అని రాశారు. మోటు! నీ పన్నెండు పేజీలు చదివి వినిపించినా మోటే! సున్నం కొట్టిన గోడ గురించి ఒకే వాక్యం. పెవెరెల్‌ను వేరే ఊరి మిల్లుకు మార్చారు, అదే హోదాలో. అక్కడ గోడ మీద ఏమైనా రాసి ఉంటే దేవుడే కాపాడాలి.

మురియెల్, నీ దగ్గరా ఒక మాట ఒప్పుకోవాలి. నీ నోటినీ నేనే దిద్దాను, అందరి పిల్లల కంటే గట్టిగా. ఇప్పుడు నువ్వు ఫోను చేస్తే మీ నాన్న "రేడియో ఆవిడ మాట్లాడుతోంది" అని రిసీవరు నాకిస్తాడు. హాస్యానికి అంటాడు. కానీ రెండు నిమిషాలకు మించి నీతో మాట్లాడడు. ఏ మాటకు తప్పు పడతావోనని భయం. ఇంటికొచ్చినప్పుడు ఆయనతో ఆయన భాషలోనే మాట్లాడు. మర్చిపోయి ఉంటే నేర్చుకో. నేను అడ్డు రాను.

థర్జాను క్షమించమని అడిగాను. వాళ్ళింటికి వెళ్ళి, వాకిట్లోనే నిలబడి అడిగాను. "చూద్దాం టీచర్" అంది. అంతకంటే అడిగే హక్కు నాకు లేదు.

కానీ గురువారం సాయంత్రం తలుపు తట్టింది. వెనక క్లెమ్ ఉన్నాడు. ఎడమచేత్తో రాయడం నేర్పుతారా అని అడగడానికి వచ్చారు. సంతకం పెట్టాల్సిన కాగితాలు ఎన్నో ఉన్నాయట, అన్నిటికీ భార్యను పిలవడం ఆయనకు నామోషీగా ఉందట. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టాను. ముందు గీతలు, తర్వాత సున్నాలు, తర్వాత పేరు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి నాలుక బయటపెట్టి చిన్నపిల్లాడిలా రాశాడు. మీ నాన్న వచ్చి చూసి, "నా పావురం ఇంతకంటే బాగా గీకుతుంది" అంటే, "నీ పావురం నడిచే వచ్చిందంట గదా, దానికీ రెక్క పోయిందా?" అని క్లెమ్ అన్నాడు. ఈ ఇంట్లో అంత నవ్వు విని చాలా రోజులైంది.

"ఇప్పుడేం రాయమంటారు టీచర్‌గారూ?" అని అడిగాడు.

"మీకేం తోస్తే అది. మీరు మాట్లాడినట్టే రాయండి."

అరగంట పట్టింది. ఒక్క వాక్యం. ఈ చెయ్యికి పొగరెక్కువ, చెప్పిన మాట వినదు, అయినా పనికొస్తుంది అని, అచ్చంగా ఆయన నోట్లోంచి వచ్చినట్టే రాశాడు. పాత లెక్కన అందులో ఐదు తప్పులున్నాయి. ఎర్ర పెన్సిలు నా మోచేతి పక్కనే ఉంది. థర్జా కేటిల్ పట్టుకుని నిలబడి, వాక్యాన్ని కాదు, నా చేతిని చూస్తోంది.

నేను చివరిదాకా చదివాను. "బాగా రాశారు" అన్నాను. థర్జా కప్పుల్లో టీ పోసింది, నాకు కూడా.

ఇట్లు,
నీ నోటి మాట మళ్ళీ వినాలని ఎదురుచూసే
అమ్మ.